పథ్యభంగం

తలగడ గలీబు తిరగేసి దులిపింది. ఉప్పు రాలలేదు. పరుపు అంచు ఎత్తి చూసింది. మంచం కింది చెప్పుల్లో వేళ్లు పెట్టి వెతికింది. సొరుగులోని మందుల చీటీలనూ, పళ్లు ఊడిన దువ్వెననూ, వెంట్రుకలు రాలిపోయిన పెయింటు కుంచెనూ ఒక్కొక్కటిగా తీసి దుప్పటి మీద పేర్చింది. ఓడిన రాజు కోటలో పట్టుబడిన ఆయుధసామగ్రిలా అవన్నీ వరసగా పడి ఉన్నాయి. వాటిలో ఒక్కటీ తినేది కాదు.

"ఎక్కడ దాచావో చెప్పు అన్నయ్యా. సిస్టరుకి చెప్పనులే."

మంచం మీది పెద్దమనిషి తన పొట్ట మీద రెండు చేతులూ ఆనించుకుని కూర్చున్నాడు. అందులోంచి ఎనిమిది లీటర్ల నీరు తీసి ఇంకా ఆరు రోజులు నిండలేదు. అప్పుడే అది బిగించి కట్టిన మూటలా మళ్లీ పైకి లేచింది. కాళ్లూ చేతులూ మాత్రం రోజురోజుకీ సన్నబడుతున్నాయి.

"పొట్టలో దాచాను. డాక్టర్లు సూది పెట్టి తీస్తున్నారుగా, వాళ్లనడుగు."

"వేళాకోళం ఆపు. మూత్రం అబద్ధం చెబుతుందా?"

"నేను చెబుతానా?"

ఆమె దుప్పటి మీది సామాను తిరిగి సొరుగులో వేసింది. జవాబివ్వాలంటే నలభై ఏళ్ల చరిత్ర చెప్పాలి. భోజనాల బండి బయట పెట్టి వచ్చిన మనిషికి అంత తీరిక లేదు.

ఆమె అదే ఆసుపత్రిలో భోజనాల బండి తోస్తుంది. వయసు యాభై ఏడు. వంటశాల కిటికీ దగ్గర పాత్రలు ఎక్కించుకుని, నాలుగు వార్డులకు తిప్పి, ఖాళీవి తెచ్చి అప్పగించడం ఆమె పని. అందరూ బండి అక్క అంటారు. జీతమిచ్చేది ఆసుపత్రి కాదు, ఒక ఏజెన్సీ. నెలకు తొమ్మిది వేలు. అందులోంచి తలటోపీకీ, ఏప్రనుకూ ఏటా కోత. మంచం మీదున్నది ఆమె అన్న. అరవై ఆరేళ్లవాడు. ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేవాడు కాబట్టి వార్డంతా అతన్ని ఆర్టిస్టు అంటుంది. అన్న చేరింది చెల్లెలు పనిచేసే ఆసుపత్రిలోనే కావడం అదృష్టమని ఇరుగుపొరుగు అన్నారు. అదృష్టమనేది ఏ రూపంలో వస్తుందో ఆ ఇరుగుపొరుగుకు తెలియదు.

సోమవారం నాడు ఆర్టిస్టు ఒక పగలూ ఒక రాత్రీ పోసిన మూత్రాన్నంతా తెల్ల డబ్బాలో పట్టి ప్రయోగశాలకు పంపారు. ప్రయోగశాల తన తీర్పు చెప్పింది. కాలేయం గట్టిపడిపోయిన మనిషి ఉప్పు తింటే ఒంట్లో నీరు నిలిచిపోయి పొట్టలోకి దిగుతుంది. అందుకని ఆ వార్డులో అందరికీ ఉప్పు నిషేధం. నిషేధం పాటించేవాడి మూత్రంలో ఎంత ఉప్పు ఉండాలో శాస్త్రం కొలత కట్టి ఉంచింది. ఆర్టిస్టు మూత్రంలో దానికి రెండింతలకు పైగా ఉంది.

ఆ వార్డుకు ప్రతి గురువారం పెద్ద డాక్టరు సవారీ వస్తుంది. ముందు ఆయన, ఆయనకు అరడుగు వెనక చిన్న డాక్టర్లు, వాళ్ల వెనక ఇంకా చిన్న డాక్టర్లు, చిట్టచివర కేసు కాగితాల దొంతరతో పెద్ద సిస్టరు. పూర్వకాలపు చక్రవర్తులు దండయాత్రకు బయలుదేరినప్పుడు కూడా వరస ఇంత కచ్చితంగా తప్పకుండా ఉండి ఉండదు. ఆయన చెడ్డవాడు కాడు. ముప్ఫై ఏళ్లుగా గట్టిపడిన కాలేయాలను చూసి చూసి ఆయనకు మిగిలింది ఒకే ఒక్క ఓపిక, ఆ ఓపికకు గురువారానికి గంటన్నర. ఆర్టిస్టు లెక్క ఆయనకు ఫోనులో చెబితే, ఫోనులోనే ఆజ్ఞ అయింది:

"మళ్లీ ఒకసారి పరీక్ష చేయండి. ఇదే లెక్కొస్తే పథ్యభంగం కింద డిశ్చార్జి రాసేద్దాం. మన మాట విననివాడి పొట్టలోంచి వారం వారం బకెట్లు మోయడం దేనికి? ఆ మంచం కోసం పదకొండు మంది కూర్చున్నారు."

డిశ్చార్జి అంటే చెల్లెలి ఇల్లు. ఆ ఇల్లు సైకిళ్ల దుకాణం మీద మూడో అంతస్తులో ఒక గది. అక్కడ మెట్లున్నాయి, నీళ్ల కుళాయి ఉంది, పొట్టలోంచి నీరు తీసే సూది లేదు. పోయిన నెల ఆ వార్డు నుంచి పథ్యభంగం కింద వెళ్లిన రిక్షా పెద్దాయన తొమ్మిదో రోజున ఊపిరాడక పోయాడని బండి అక్కకు తెలుసు. అతని కంచం కడిగి లోపల పెట్టింది ఆమే.

"అన్నయ్యా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"పట్టుకో. నీరు పట్టి ఉన్నాయి, గుంట పడుతుంది, జాగ్రత్త."

"ఎవరు తెచ్చిస్తున్నారు? ఆ మూల మంచం అబ్బులా? వాడి కొడుకు చిరుతిండి పొట్లాలు తెస్తాడు, నాకు తెలుసు."

"చెల్లీ, నేను తిన్నది నువ్వు పెట్టిందే. ఒట్టు వేయమంటే వేస్తాను గానీ, నా ఒట్లన్నీ నువ్వు ముందే చూసేశావు."

చూసింది నిజమే. పెళ్లాం గాజుల మీద వేసిన ఒట్టు, పుట్టని పిల్లల మీద వేసిన ఒట్టు, కుంచె మీద వేసిన ఒట్టు. సారా దుకాణాలవాళ్లు బోర్డు రాయించుకుని సగం కూలి డబ్బుగా, సగం సీసాలుగా ఇచ్చేవారు. అతను అక్షరాలు ఎంత అందంగా రాస్తే సీసాలు అంత త్వరగా చేతికొచ్చేవి. ఊళ్లో సగం మందిని ఆ గుమ్మాల్లోకి పిలిచిన అక్షరాలు అతనివే. మిగిలిన అందరికన్నా ముందుగా వాటి పిలుపు విన్నవాడూ అతనే. పది నెలల కిందట రక్తం కక్కుకుని మానేశాడు. అతను మానేసిన సంగతి అతనికీ, అతని కాలేయానికీ తప్ప మూడోవారెవరికీ నమ్మకం కలిగించలేదు. చెల్లెలికి కూడా.

ఆ వార్డులో ఇరవై రెండు మంచాలు. అన్నిటిలోనూ ముసలివాళ్లే, అయినా కులాలు రెండు: తాగినవాళ్లు, తాగనివాళ్లు. రెండో కులంలో ఉన్నది ఒక్కరే. కిటికీ పక్క మంచం మీది రిటైరైన లెక్కల మాస్టారు. ఎప్పుడో ఆపరేషనులో ఎక్కించిన నెత్తురుతో వచ్చిన కామెర్లు ఆయన కాలేయాన్ని ముప్ఫై ఏళ్లు నిదానంగా తిన్నాయి. ఆయన జీవితంలో చుక్క ముట్టలేదు. ఈ సంగతి తెలియనివారు ఆ అంతస్తులో లేరు. లిఫ్టు నడిపే మనిషికి కూడా తెలుసు. మంచాల మధ్య తెర అడ్డంగా లాగి ఉంచమని మాస్టారు రోజూ అడుగుతారు. తెర కొక్కేలు ఊడిపోయి ఏడాదయింది కాబట్టి సమానత్వం కొనసాగుతోంది.

ఆ మధ్యాహ్నం బండి అక్క ఖాళీ కంచాలు ఏరుకుంటూ వెళితే మాస్టారు మూలుగుతూ పిలిచారు.

"చూడమ్మా, ఈ ఆసుపత్రిలో యంత్రాలు కూడా మనుషుల్లాగే తయారయ్యాయి. నా మూత్రంలో ఉప్పుందట."

ఆమె కంచాలు ఎత్తడం ఆపింది. "మీకా మాస్టారూ?"

"నాకే. చిన్న డాక్టరుగారు కాగితం చూసి నవ్వేశాడు. 'మీకెందుకుంటుంది సార్, యంత్రం తప్పు చూపిస్తోంది, మళ్లీ పంపుతాం' అన్నాడు. మర్యాదస్తుడు."

"ఎంతుందటండీ?"

"ఆర్టిస్టుకి ఎంతో నాకూ అంత. పైగా నాకు నాలుగు పాళ్లు ఎక్కువ." ఆయన గొంతులో అవమానంతోపాటు ఎక్కడో మొదటి మార్కు తెచ్చుకున్నవాడి ధ్వని కూడా ఉంది.

మాస్టారు బయటి తిండి తినరు. చూడడానికి వచ్చిన మేనకోడలు పండు ముక్క కోసి ఇస్తే, పథ్యం పట్టిక తెప్పించుకుని చదివి, తిప్పి పంపిన మనిషి. ఆయన మూత్రంలోని ఉప్పు యంత్రం తప్పు, అన్న మూత్రంలోని ఉప్పు అన్న తప్పు. ఒకే యంత్రం, ఒకే రోజు. బండి అక్క ఆ మాటను మెదడులో అటూ ఇటూ తిప్పింది. లెక్కలు ఆమెకు రావు, కానీ ఇది కలవని లెక్క అని తెలిసింది. ఈ ఇద్దరూ పంచుకుంటున్నది ఒక్కటే ఉంది. అది ఆమె తోసే బండి.

ఆ బండిలో ప్రతి పూటా ఒక పాత్ర మీద పసుపు పట్టీ చుట్టి ఉంటుంది. అది లివరు వార్డుది, ఉప్పు లేనిది. మిగతావాటికి పట్టీ ఉండదు. పసుపు పట్టీ పాత్రలోది పనివాళ్లెవరూ నోట పెట్టకూడదన్నది ఎవరూ రాయని శాసనం. మిగతా వార్డుల్లో మిగిలిన రొట్టెముక్కను మెట్ల కింద నిలబడి తిన్న చేతులు కూడా ఆ పాత్ర జోలికి పోవు. ఆ జబ్బు గరిటె ద్వారా అంటుతుందని మొదటి రోజునే పాతవాళ్లు కొత్తవాళ్లకు చెబుతారు. ఆమెకూ చెప్పారు, ఆమే ఇద్దరికి చెప్పింది. వార్డులోని డాక్టర్లకు ఈ శాసనం తెలియదు. అయితే వాళ్లూ దాన్ని ఎన్నడూ అతిక్రమించలేదు.

రోగులు చెప్పవచ్చు కదా అంటే, ఆ జబ్బు నాలుకను ముందే కాజేస్తుంది. ఇరవై రెండు మందీ మూడు పూటలా ఒకటే మాట: గడ్డి తిన్నట్టుంది. చప్పిడి తిండి గడ్డిలా ఉండక ఎలా ఉంటుందని అందరూ సమాధానపడ్డారు. రుచి తెలిసిన నోళ్లు రుచి చూడలేదు. రుచి చూసిన నోళ్లకు రుచి తెలియదు. ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటును ఏ దొంగా ఆలోచించలేడు. దాన్ని ఎవరూ ఆలోచించలేదు కూడా.

సాయంత్రం పూట లిఫ్టుకూ వార్డుకూ మధ్య మలుపులో ఆమె బండి ఆపింది. అటూ ఇటూ చూసి, పసుపు పట్టీ పాత్ర మూత జరిపి, చిటికెన వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

ఇంట్లో తను వేసుకునేదానికన్నా ఒక పాలు ఎక్కువే.

పక్క పాత్ర తెరిచి అందులోనూ వేలు ముంచింది. అదే కూర. తేడా పట్టీ ఒక్కటే. ఆమె కొంగుతో వేలు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. అంటుకుంటుందన్న జబ్బు కన్నా ముందు ఇంకేదో అంటుకున్నట్టు అనిపించింది. ఆ పూట కంచాల్లో వడ్డించింది కూడా. వడ్డించక ఏం చేయాలో అప్పటికి తోచలేదు. అన్న కంచంలో మాత్రం రొట్టె ఒక్కటే పెట్టింది.

"కూరేది?"

"అయిపోయింది."

"మా ఇంటావిడ కూడా ఇలాగే శిక్షించేది," అన్నాడు ఆర్టిస్టు, రొట్టె విరుస్తూ.

వంటశాల కిటికీ దగ్గర వంటమేస్త్రి గరిటె ఆరబెట్టుకుంటున్నాడు. ఆరువందల మందికి మూడు పూటలా వండే మనిషి. చేతుల మీద కాలిన మచ్చలు పతకాల్లా ఉంటాయి.

"మేస్త్రీ, పసుపు పట్టీ దాంట్లో ఉప్పుంది."

"వంటన్నాక ఉంటుంది అక్కా."

"ఉప్పు లేనిదని కదా పట్టీ."

"పట్టీ వేయమన్నారు, వేస్తున్నాను. వేరే పొయ్యి ఇమ్మన్నాను, ఇవ్వలేదు. ఉన్నవి మూడు, వెలిగేవి రెండు. నేను ఉప్పు ముట్టుకోకపోయినా ఏం లాభం, కూరలో కలిపే పొడి సంచుల్లోనే ఉప్పు కలిసి వస్తుంది. రొట్టె బయటి నుంచి వస్తుంది, దాంట్లోనూ ఉంది."

"రొట్టెలోనా?"

"మరి? రొట్టె ఉప్పు లేకుండా ఎవడు చేస్తాడు?"

"ఎవరికీ చెప్పలేదా?"

"రెండేళ్ల కిందట చెప్పాను. ఇద్దరు వచ్చి చూశారు. పట్టీ సరిగ్గా అంటుకోవడం లేదు, పాత్రలు మారిపోయే ప్రమాదముందని కొత్త పట్టీ చుట్టలు ఆరు పంపించారు." మేస్త్రి గరిటె గోడకు తగిలించాడు. "ఇంకా నాలుగున్నాయి, కావాలా?"

"మా అన్నయ్యకి ఒక్కడికి విడిగా ఓ గిన్నెలో ఏదైనా ఉడికించి ఇవ్వు. గురువారం దాకానే."

"ఇస్తాను. మీ అన్నయ్య బతుకుతాడు. మిగతా ఇరవై ఒక్కమందికీ పట్టీ పాత్రలోది నువ్వే పెడతావుగా?"

ఆమె గిన్నె మాట వదిలేసి ఖాళీ పాత్రలు కిటికీలోంచి లోపలికి తోసింది.

"అందుకే నేను వేలు ముంచి చూడను అక్కా. చూస్తే నిద్ర పట్టదు. నువ్వు నోరు తెరిస్తే ముందు పోయేది నేను, తర్వాత నువ్వు. పొయ్యి మాత్రం ఎక్కడికీ పోదు, రెండే ఉంటాయి."

మర్నాడు పొద్దున్నే ఆమె పథ్యాధికారి గదికి వెళ్లింది. ఆ గది ఒక రాజ్యం. గోడ మీద నిలువెత్తు పట్టిక, నాలుగు రంగుల్లో. ప్రతి జబ్బుకూ ఒక గడి, ప్రతి గడిలో ఒక ధర్మం. కొందరు దాన్ని చూడడానికి వేరే ఆసుపత్రుల నుంచి వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లారు. ఆయన దాన్ని వెదురుబద్దతో చూపించాడు.

"చదవడం వచ్చా? ఇదిగో, కాలేయం. ఉప్పు దగ్గర ఏం రాసుంది?"

"లేదు అని."

"మరింకేం?"

"కూరలో ఉంది సార్."

"నీకెలా తెలుసు?"

"నాలుక మీద పెట్టుకుని చూశాను."

పథ్యాధికారి వెదురుబద్ద బల్ల మీద పెట్టాడు. అంతవరకూ లేని ఆసక్తి ఆయన ముఖంలోకి వచ్చింది.

"రోగుల భోజనం తిన్నావా?"

"వేలు ముంచాను, అంతే."

"వేలయితేనేం, చెంచాయితేనేం, తిన్నావుగా. అది దొంగతనం కిందికొస్తుందని తెలుసా? పైగా వేలు ముంచిన పాత్రలోది పేషెంట్లకి పెట్టావా?" ఆయన చాలాసేపు ఆరోగ్యసూత్రాలు చెప్పాడు. చివరికి దయ తలిచాడు. "మీ ఏజెన్సీకి రాస్తే ఉద్యోగం పోతుంది. పెద్దదానివి, ఈసారికి వదిలేస్తున్నాను. ఇంకెప్పుడూ ఇలా చేయకు."

"ఉప్పు సంగతి సార్?"

"పట్టికలో లేదని చూపించాను కదమ్మా."

ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లిన మనిషి క్షమాభిక్ష పుచ్చుకుని బయటికొచ్చింది.

అప్పుడు ఆమె, ప్రేమ ఉన్నవాళ్లు మాత్రమే చేయగల తప్పు ఒకటి చేసింది. మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి, ఉప్పు డబ్బా మూత కూడా తీయకుండా, పిండి జావ కాచి, మూతగిన్నెలో పోసి, సంచిలో పెట్టుకుని తెచ్చింది. రెండో పరీక్షకు మూత్రం పట్టడం పొద్దున్నే మొదలైంది. ఈ ఒక్కరోజైనా అన్న కడుపులోకి చప్పిడిది వెళితే లెక్క తగ్గుతుందని ఆమె ఆశ. ద్వారం దగ్గర కాపలా మనిషి సంచి విప్పించాడు.

"లివరు వార్డుకి బయటి తిండి నిషేధం. తెలియదా నీకు, ఇక్కడే పనిచేస్తావు?"

"ఇందులో ఉప్పు లేదు బాబూ. కావాలంటే రుచి చూడు."

అతను రుచి చూడలేదు. గిన్నె పక్కన పెట్టి, పుస్తకంలో తారీఖు వేసి రాశాడు: పద్నాలుగో నంబరు మంచం రోగికి బయటి నుండి తెచ్చిన ఆహారము పట్టుబడినది. ఉప్పు లేని జావ ద్వారం దగ్గరే ఆగిపోయింది. అరగంట తర్వాత ఉప్పున్న కూర పసుపు పట్టీ ధరించి, అదే ద్వారం గుండా, ఆమె చేతుల మీదుగానే లోపలికి వెళ్లింది. కాపలా మనిషి బండికి తలుపు పట్టుకున్నాడు.

కాపలా పుస్తకంలోని ముక్క సాయంత్రానికి కేసు కాగితాల్లోకి ఎక్కింది. పెద్ద సిస్టరు ఆమెను మందుల గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఏం చేశావో తెలుసా? వాళ్లకి కావలసిన సాక్ష్యం నువ్వే తెచ్చిచ్చావు."

"వార్డు తిండిలోనే ఉప్పుంది సిస్టర్. మేస్త్రి కూడా ఒప్పుకున్నాడు."

పెద్ద సిస్టరు ఒక మందుసీసా తిప్పి, చీటీ ఇటు కనిపించేలా పెట్టింది. ఇరవై ఏళ్లుగా ఆ వార్డు నడుపుతున్న మనిషి. "నేనెప్పుడూ తినలేదు," అంది. "ఎవరం తినలేదు."

"ఇప్పుడు తినండి."

"నేను తింటే ఏమవుతుంది? నా నాలుక మీద వచ్చిన రిపోర్టు కేసు కాగితంలో పెట్టనివ్వరు. రాసివ్వు, పైకి పంపిస్తాను. కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది."

"మా అన్నయ్య మూడు నెలలు కూర్చోలేడు సిస్టర్."

"తెలుసు," అంది సిస్టరు, తలుపు తీస్తూ.

ఎండ తగ్గాక ఆమె అన్న మంచం అంచున కూర్చుని, అతని చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోళ్లు కత్తిరిస్తూ జరిగిందంతా చెప్పింది. క్షమించమని అడగాలనుకుంది. గోళ్లు మాత్రం చాలా నెమ్మదిగా, ఒక్కొక్కటీ గుండ్రంగా కత్తిరించింది. ఆర్టిస్టు నవ్వాడు. నవ్వితే పొట్ట నొప్పి పుడుతుంది కాబట్టి ముఖంతో మాత్రమే నవ్వడం నేర్చుకున్నాడు.

"నలభై ఏళ్లకి ఒక్క నిజం చెప్పాను. అదీ వృథా పోయింది."

"నవ్వకు."

"ఎన్ని అబద్ధాలు చక్కగా చెల్లాయో తెలుసా నీకు? తాగొచ్చి తాగలేదంటే మీ వదిన నమ్మేది. తినకుండా తినలేదంటే ఒక్కడూ నమ్మడే." కత్తిరించిన గోళ్లను వెలుగుకు చాచి చూసుకున్నాడు. "నువ్వు గొడవ పెట్టుకోకు చెల్లీ. ఆ తొమ్మిది వేలూ పోతే ఇద్దరం నీ గదిలో గోడలు చూసుకుంటూ కూర్చోవాలి. పోనీ, ఒక గోడ మీద ఏదైనా బోర్డు రాసిపెడతానులే."

"ఏం రాస్తావు?"

"ఇక్కడ ఉప్పు దొరకదు అని."

ఆమె కూడా ఎందుకో నవ్వింది. అటు పక్క నుంచి మాస్టారు, రోగులు విశ్రాంతి తీసుకునే వేళ అని గుర్తుచేశారు.

గురువారం పదకొండింటికి లెక్క వచ్చింది. ఆర్టిస్టుది అదే లెక్క. మాస్టారిదీ అదే. యంత్రం బాగుచేయించాలని మాస్టారి కాగితం మీద రాశారు. ఆర్టిస్టు కోసం పెద్ద సిస్టరు ఒక అచ్చు ఫారం తీసి, పేరూ మంచం నంబరూ నింపి, సంతకం చోటు ఖాళీగా ఉంచి దొంతరలో పైన పెట్టింది. ఫారం మీద 'పథ్యభంగం' అన్న మాట అచ్చులోనే ఉంది. తక్కినవన్నీ చేత్తో రాసుకోవాలి. నేరం ముందే అచ్చయి ఉండగా నేరస్థుడి కోసం గడులు ఖాళీగా ఎదురుచూడడం నాగరిక పద్ధతి.

గురువారాల్లో భోజనాల బండికి ఒక ఆచారం ఉంది. సవారీ ముగిసేదాకా అది వరండాలో గోడకు ఆనించి ఉండాలి. కూర చల్లారినా సరే. ఆ రోజు బండి అక్క ఆచారం ప్రకారం వరండాలోకే వచ్చింది. గోడ దాకా వెళ్లింది. ఆర్టిస్టు ఉదయం తుడిచిన ఒంటి మీద ఇంటి చొక్కా వేసుకుని కూర్చోవడం అద్దం తలుపులోంచి కనిపించింది. ఎవరూ చెప్పకముందే అతను సర్దుకున్నాడు. కుంచె చొక్కా జేబులో ఉంది.

ఆమె బండిని గోడ దగ్గర నుంచి వెనక్కి లాగింది. వార్డు తలుపు రెండు రెక్కలూ తెరిచి, గుమ్మంలో అడ్డంగా నిలిపి, చక్రాలకు కాలితో కొక్కెం వేసింది. తను లోపలి వైపు నిలబడి పసుపు పట్టీ పాత్ర మూత మీద రెండు చేతులూ పెట్టింది.

కూర వాసన లోపలికి వెళ్లింది. ముసలి ముఖాలు ఒక్కొక్కటీ తిరిగాయి. కంచాలు ఒళ్లోకి వచ్చాయి.

"బండి అక్కా, ఇవాళ ముందే వచ్చావే," అన్నాడు మూల మంచం అబ్బులు.

"ఇవాళ పెట్టడం లేదు."

"ఏం, అయిపోయిందా?"

"అయిపోలేదు. ఉప్పుంది ఇందులో. మొదటి నుంచీ ఉంది. మీ పొట్టలు నింపుతున్నది ఇదే."

వార్డు ఆ మాటను నమిలింది. రుచి తెలియని నోళ్లకు అది వెంటనే అర్థం కాలేదు.

"ఉప్పేమిటి, గడ్డిలా ఉంటుంది కదా," అన్నాడొకడు.

"ఉప్పుంటే ఉండనీ తల్లీ, ఆకలేస్తోంది," అన్నాడు ఇంకొకడు.

మాస్టారు లేచి కూర్చున్నారు. "ఏదైనా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వాలమ్మా. భోజనవేళ ఆపరాదు. ఇంతకీ..." ఆయన ఆగి, కంచం కేసి చూసుకున్నారు. "ఇంతకీ, యంత్రం సరిగ్గానే ఉందంటావా?"

ఆమె జవాబిచ్చేలోపు వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. సవారీ వచ్చింది. ముందు పెద్ద డాక్టరు బండికి రెండడుగుల దూరంలో ఆగాడు. వెనక వరసలు ఒకదాన్నొకటి తగిలి ఆగాయి. సంవత్సరాలుగా ఆ గుమ్మంలో ఆయనకు అడ్డం వచ్చిన మొదటి వస్తువు అదే.

"ఏమిటిది?"

"బండి తియ్యి," అంది పెద్ద సిస్టరు. గొంతు గట్టిగానే ఉంది. కళ్లు మాత్రం ఫారం మీద ఉన్నాయి.

"తియ్యను సిస్టర్. సార్, ఈ పాత్ర ఉప్పు లేనిది కాదు. కూరా అంతే, రొట్టే అంతే. వండేది ఒక్కటే, పట్టీ మాత్రం వేరు. మా అన్నయ్య ఏమీ దొంగచాటుగా తినలేదు. ఒక్కసారి నోట్లో పెట్టుకుని చూడండి సార్."

పెద్ద డాక్టరు పాత్ర వైపు చూశాడు. ఆయన వెనక ఉన్నవాళ్లందరూ పాత్ర వైపే చూశారు. ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. ఒక చిన్న డాక్టరు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"మంగళవారం."

"ఇక్కడ ఎన్నాళ్లుగా వడ్డిస్తున్నావు?"

"మూడేళ్లు."

"మూడేళ్లు." ఆయన కోపంగా అనలేదు. లెక్క వేసుకుంటున్నట్టు అన్నాడు. ఆ లెక్కలో ఎన్ని ఫారాల మీద తాను సంతకం పెట్టిందీ వచ్చిందో రాలేదో ముఖంలో కనిపించలేదు. "మూడేళ్లు ఈ చేత్తోనే వీళ్లకి పెట్టి, ఇవాళ మీ అన్నకి డిశ్చార్జి అనేసరికి ఉప్పు కనిపించింది."

రిక్షా పెద్దాయన కంచం ఆమెకు జ్ఞాపకం వచ్చింది. దాని అంచున సొట్ట ఉండేది. అతను రెండోసారి కూర అడిగేవాడు, ఆమె వేసేది.

"పెట్టాను సార్," అంది. "ఈ పూట పెట్టను."

పెద్ద డాక్టరు చేతిలో కలం మూత తీసి ఉంది. సిస్టరు దొంతరను ముందుకు చాచనూ లేదు, వెనక్కి తీసుకోనూ లేదు. ఏజెన్సీ మనిషి కోసం ఎవరో ఫోను చేస్తున్న గొంతు వరండా చివర వినిపిస్తోంది. మూత సందులోంచి ఆవిరి వచ్చి ఆమె మణికట్లను కాలుస్తోంది. చేతులు తీస్తే మూత కదులుతుందని ఆమె తీయలేదు.

వెనక ఎక్కడో ఒక కంచం మోగింది. ఎవరో దాన్ని మంచం ఇనపకడ్డీకేసి కొట్టారు. ఆకలికి కొట్టారో, కోపానికి కొట్టారో, కోపమైతే అది ఆమె మీదో, గుమ్మానికి అవతల నిలబడ్డవాళ్ల మీదో, ఆ చప్పుడును బట్టి చెప్పడానికి లేదు. ఆమె తిరిగి చూడలేదు.

కాసేపటికి రెండో కంచం మోగింది.